గీత మీద సుంకమ్మ చేను

మృగశిర

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. రాసినా చదివేవాళ్ళు లేరు. ఉన్నా వాళ్ళకు కొర్ర చేనంటే ఏమిటో తెలియదు. తెలిసినా చేయగలిగింది లేదు. మూడు కారణాలూ గట్టివే. అయితే ఈ మధ్యాహ్నం పనేమీ లేక గడప మీద కూర్చుంటే, మా పనిని లెక్క రాయడానికి ఊళ్ళో అందరికీ తొడిగిన కడియం నా చేతికి చిన్నగా గుచ్చి 'విశ్రాంతి' అని రాసుకుంది. ఊరికే కూర్చున్నా దానికి విశ్రాంతే, రాసినా విశ్రాంతే. మరి రాస్తే నాకు పోయేదేముంది?

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను బడికి పోలేదు. ఎరువు సంచుల మీద చదువు నేర్చుకున్నాను. అందువల్ల నా రాతలో అక్కడక్కడా 'పొడిగా ఉండు చోట నిల్వ చేయవలెను' లాంటి వాక్యాలు దొర్లితే మన్నించాలి. నేను మొదట చదివిన పెద్ద మాట నత్రజని. అమ్మ అని రాయడం ఆ తర్వాత వచ్చింది.

తేదీలకు బదులు కార్తెల పేర్లు పెడుతున్నాను. వాన కార్తెలను వదిలిపెట్టి చాలా ఏళ్ళయింది. గడియారం దించేసిన గోడకు మేకు మిగిలినట్టు పేర్లు మిగిలాయి. ఇప్పుడు నీళ్ళు పైపులో వస్తాయి. ఒకే పైపు, దాని మీద పదకొండు ఊళ్ళు. మాది నడిమి ఊరు.

ఇవాళ పక్క చేను సుంకమ్మ విత్తనం కొర్రలు ఎండబెట్టుకుంటూ ఉంటే ఆమె చేని గుంజ మాట్లాడింది. ప్రతి చేనికీ మూలన ఒక గుంజ పాతారు. దానికి మొక్కలను చూసే కన్నొకటి, మాట్లాడే నోరొకటి ఉన్నాయి. నోరు మాత్రం మన వైపుది కాదు. ఎక్కడో చల్లని గదిలో కూర్చుని నేర్చుకున్న తెలుగు.

"గౌరవనీయులైన రైతు గారూ, గత పంటలో మీ సామర్థ్యం అరవై రెండు. మీ చేనులో అవసరానికి మించిన శ్రమ వినియోగమైంది. అరవై కంటే తగ్గినచో నీటి సరఫరా నిలిపివేయబడును."

సుంకమ్మ నాకు వరసకు కోడలు. గట్టు అవతలి నుంచి నన్ను పిలిచింది.

"శ్రమంటే మనుషులే గదా మామా?"

"మనుషులే."

"మనుషులు ఎక్కువైనారంట నా చేన్లో. ఆయప్ప పోయి ఒకరు తక్కువైనారని చెప్పదు చూడు."

ఆమె మొగుడు గంగన్న పోయిన పంటకు కలుపు రోజుల్లో గుండె పట్టుకుని సాళ్ళ మధ్యలోనే ఒరిగిపోయాడు. అప్పుడు ఊరంతా బదులుకు వెళ్ళి ఆ పంట గట్టెక్కించాం. బదులంటే తెలియనివాళ్ళ కోసం: నా చేలో నువ్వొక పొద్దు పని చేస్తే, నీ చేలో నేనొక పొద్దు చేస్తాను. కూలి లేదు, కాగితం లేదు. కానీ కడియం ఏ చేలో అడుగుపెడితే ఆ చేని కింద పని రాస్తుంది. మేమెంత సాయం చేస్తే ఆమె అంకె అంత దిగింది.

చేను పోతే పెద్దమడిలో కలుపుతారు. పెద్దమడి అంటే గట్లు లేని, మనుషులు లేని, యంత్రాలు దున్నే ఒకే ఒక్క చేను. మా ఊరి పడమటి కొస నుంచి చూస్తే అది ఆకాశం దాకా పోతుంది. సుంకమ్మకు ఉన్నదల్లా ఆ రెండెకరాలే. గంగన్నను కాల్చింది కూడా దాని మూలలోనే.

ఆరుద్ర

విత్తాం. ఎవరి చేను వాళ్ళు.

సాయంత్రం చౌడప్ప ఇంటి అరుగు మీద చేరాం. చౌడప్ప నా బామ్మర్ది. నోరు పెద్దది, చేను చిన్నది. వాడి పెళ్ళాం నాగులమ్మ మాటలు తక్కువ మనిషి. మాట్లాడితే మాత్రం పని తేలిపోతుంది.

"ఈ తూరి బదులుకు పోతే సుంకమ్మ మునిగిపోతాది, పోకుంటే ఒంటిచేత్తో కలుపు తీయలేక మునిగిపోతాది" అన్నాను నేను.

నాగులమ్మ చాటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది. "నీళ్ళు పోసుకునేటప్పుడు కడియం తీసి గూట్లో పెడతాం గదన్నా. ఆమె చేన్లోకి పోయే పొద్దు కూడా గూట్లోనే పెట్టేసి పోతే సరి. నీళ్ళు పోసుకుంటాండారని అనుకుంటాది."

చౌడప్ప పగలబడి నవ్వాడు. "ఊరు ఊరంతా తెల్లారినప్పటి నుంచి మునిమాపు దాకా నీళ్ళు పోసుకుంటాంటే, ఇంత మురికి యాడిదిరా మీకు అని అడగదా?"

"గుంజ మనల్ని చూస్తాది గదా?" అన్నారు ఎవరో.

చూడదు. దాని కన్ను ఆకులో పచ్చదనం చూసే కన్ను. మనిషిని కడియంతోనే పోల్చుకుంటుంది. కడియం లేని మనిషి దానికి మేకతో సమానం. ఈ సంగతి గుంజ కాళ్ళ దగ్గర అంటించిన చీటీ మీదే ఉంది. సంచుల చదువు ఇలాంటి చోట పనికొస్తుంది.

సుంకమ్మ అంతా విని ఒక్కటే షరతు పెట్టింది.

"మీ పొద్దులు నేను తీర్చుకుంటా. ఒక్కొక్కరి చేన్లో ఒక్కొక్క పొద్దు. తీర్చుకోనీయకపోతే ఎవురూ రావద్దండి."

"అట్లనేలే మేయ్, ముందు నీ చేను ఉండనీ" అన్నాడు చౌడప్ప.

పుష్యమి

కలుపు పట్టాం. పొద్దున్నే కడియాలు గూళ్ళలో పెట్టేసి, చేతులు తేలికగా ఊపుకుంటూ సుంకమ్మ చేలో దిగాం. చెయ్యి ఇంత తేలికగా ఉంటుందని మరిచిపోయాను. మణికట్టు దగ్గర తెల్లగా ఒక వలయం, గాజు తీసిన చోటులాగా. నాగులమ్మ చూసి "అన్నకు ఈ వయసులో గాజుల మచ్చలు పడినాయి" అని ఆడవాళ్ళందరినీ నవ్వించింది.

బదులు పనిలో ఒక మర్యాద ఉంది. తన చేలో మనిషి ఎలా చేసుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఎండ మండితే చెట్టు కిందకు పోతాడు, తుంగ వేరు తెగి మట్టిలో ఉండిపోతే కాలితో కప్పేస్తాడు. ఇంకొకరి చేలో అలా కుదరదు. పక్క సాలులో ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. ఒక్క గడ్డిపోచ మిగిలినా ఆ ఏడాదంతా దాని పేరుతోనే పిలుస్తారు. మా నాయన కాలంలో ఒకాయన పేరు గరిక వెంకటప్ప. చచ్చేదాకా గరిక వెంకటప్పే. సొంత ఇంటిపేరు ఏమిటో ఆయన కొడుక్కు కూడా గుర్తు లేదు.

అందుకని సుంకమ్మ చేలో మేము కలుపు తీయలేదు, దువ్వాం. పలచబడిన చోట నారు తీసి నాటాం. సాలుకు సాలుకు మధ్య మన్ను ఎగదోశాం. వేరుకు తగిలే నీళ్ళ గొట్టాలు మట్టితో పూడితే ఒక్కొక్కటీ ఊది శుభ్రం చేశాం. మా చేలల్లో ఇవేవీ చేయం. అంత ఓపిక ఎవరికుంది?

"రేయ్ చౌడా, ఆ మూల ఏందిరా మిగిలింది?" అన్నాను.

"అది కొర్రే బావా, కలుపు కాదు."

"కొర్రయితే వంకరగా ఎందుకుంది?"

"నీ మాదిరి."

సుంకమ్మ మధ్యాహ్నం సద్దసంగటి, గోంగూర పచ్చడి తెచ్చింది. వరసగా కూర్చున్నాం. ఆమె మాత్రం గుంజ వైపు వీపు పెట్టి కూర్చుంది. అప్పుడు చేతికి కడియం ఉన్నది ఆమె ఒక్కదానికే.

మఖ

కంకి వేసింది. సుంకమ్మ చేను మా అందరి చేలకంటే జానెడు ఎత్తుంది. చూసి మురిసిపోయాం. మా చేనే అనిపించింది.

చౌడప్ప ఒక తెలివి పని చేశాడు, అది రాయాలి. కడియం అన్నేసి పొద్దులు కదలకుండా గూట్లో ఉంటే అనుమానం వస్తుందని, దాన్ని వాళ్ళ మేక మెడకు కట్టాడు. మనిషి ఊళ్ళోనే తిరుగుతున్నాడని అనుకుంటుందని వాడి లెక్క. మేక నేరుగా చౌడప్ప చేలోకే పోయింది. అక్కడ పొద్దంతా మేసింది. కడియం దాన్నంతా పని కింద రాసుకుంది. వాడి గుంజ వాణ్ణి మెచ్చుకుంది కూడా: "మీరు ఈ వారం అసాధారణ శ్రద్ధ కనబరిచారు." మేక మేసినంత మేరా పంట లేదు, పని మాత్రం ఉంది. నాగులమ్మ ఆ మాటను వారం దాకా వదల్లేదు. కూర చప్పగా ఉందంటే చాలు, "అసాధారణ శ్రద్ధతో తిను" అనేది.

నవ్వుకున్నాం. అప్పటికి నవ్వడానికి ఉంది.

పుబ్బ

కోతలు. ఊరంతా కొడవళ్ళు పట్టి సుంకమ్మ చేను ముందు కోసింది. నూర్పిడి కూడా మేమే. గింజలు కల్లంలో పోసి కుప్ప చేస్తే, మా కళ్ళను మేమే నమ్మలేదు. సుంకమ్మ కుప్ప ముందు కూర్చుని దోసిట్లో కొర్రలు తీసుకుని మళ్ళీ జారవిడిచింది, మళ్ళీ తీసుకుంది.

"ఆయప్ప ఉన్నప్పుడు కూడా ఇంత చూడలే మామా."

"ఆయప్పకు ఇంతమంది లేరు గదమ్మా" అన్నాను.

బస్తాలు గుంజ కాళ్ళ దగ్గరి పలక మీద పెడితే అది గింజలు తూచుకుంది. తర్వాత మా చేలు కోసుకున్నాం. ఎప్పుడూ పండినంతే పండింది. కాస్త తక్కువేమో. మంచి పొద్దులు కొన్ని ఇక్కడ పోశాం కదా.

ఉత్తర

అంకెలు వచ్చాయి.

గుంజలన్నీ ఒకేసారి మాట్లాడతాయి. పొద్దున్నే ఊరంతా చేల గట్ల మీదకు పోయి నిలబడ్డాం. అందరం ముందు సుంకమ్మ గుంజ దగ్గరే చేరాం, మా గుంజలను వదిలేసి.

"గౌరవనీయులైన రైతు గారికి అభినందనలు. ఇంత తక్కువ శ్రమతో ఇంత దిగుబడి ఈ పైపు మీద ఇంతవరకు నమోదు కాలేదు. మీ సామర్థ్యం నూరు. మీరు గీత మీద ఉన్నారు."

చౌడప్ప కేక పెట్టాడు. నాగులమ్మ సుంకమ్మ ముఖాన కుంకుమ పెట్టబోయి, ఆమె వద్దన్నట్టు తలాడిస్తే, బుగ్గ మీద చెయ్యి వేసి ఊరుకుంది. నాకు కళ్ళు తడిశాయి. ముసలితనానికి అదొక జబ్బు.

తర్వాత ఎవరి గుంజ దగ్గరికి వాళ్ళు పోయాం.

నాది ఎప్పుడూ డెబ్బైకి అటూ ఇటూ ఉండేది. "మీ సామర్థ్యం నలభై మూడు" అంది. సరిగా వినలేదనుకుని మళ్ళీ అడిగాను. నలభై మూడే. గట్టు అవతల చౌడప్ప గొంతు వినబడింది.

"ముప్పై ఎనిమిది! ఎట్లా? మేక తిన్నది పోతే అంతే గింజలు గదా, పోయిన తూరి మాదిరే!"

అంతే గింజలు, అంతే నీళ్ళు, అంతే విత్తనం. కానీ గుంజ మనల్ని మనతో పోల్చదు. అందరికంటే బాగా తీసినవాళ్ళ పక్కన నిలబెట్టి చూస్తుంది. వాళ్ళ పంటే గీత, అది నూరు; నువ్వు అందులో నూటికి ఎంతవుతావో అదే నీ అంకె. పోయిన పంటకు గీత మీద ఉన్నది దిగువ ఊరి రైతెవరో. ఇప్పుడు సుంకమ్మ. ఒక ఊరి చేతులన్నీ కలిసి తీసిన పంట, లెక్కలో ఒక్క ఆడమనిషి రెండు చేతులు. అలాంటి మనిషి లోకంలో లేదు. లేని మనిషి పక్కన మమ్మల్ని నిలబెట్టి చూశారు.

ఊరి మొత్తం మీద అరవై దాటింది సుంకమ్మ ఒక్కతే.

ఆమె గట్టు మీద నిలబడి ఒక్కొక్కరి అంకె వింటూ ఉంది.  

హస్త

సలహాదారు మౌలాలి వచ్చాడు. ఎగువ ఊరివాడు, మా అందరికీ తెలిసినవాడు. గుంజలు చెప్పిన మాటను మనుషులకు ఇంకొకసారి చెప్పడం అతని ఉద్యోగం.

సుంకమ్మ అతన్ని నిలదీసింది. "నేనొక్కదాన్నే చేయలేదు నాయనా. ఊరంతా చేసినారు. కడియాలు ఇంట్లో పెట్టొచ్చినారు. రాసుకో. నా చేను తీసుకో, వాళ్ళవి ఇడిసిపెట్టు."

మౌలాలి ముఖం తుడుచుకున్నాడు. "నాకెందుకు చెప్తావమ్మా? నేను రాసేవాణ్ణి కాదు. దానికి చెప్పు."

ఆమె గుంజ ముందుకు పోయి, చీర కొంగు నడుముకు దోపి, అంతా మొదటి నుంచి చెప్పింది. ఎవరెవరు వచ్చారో పేర్లతో సహా. ఏ సాలు ఎవరు పట్టారో కూడా. గుంజ ఓపికగా విన్నది. ఆ మాత్రం మర్యాద దానికుంది.

"మీరు పేర్కొన్న వ్యక్తులు ఆ సమయంలో తమ నివాసాలలో విశ్రాంతి తీసుకుంటున్నట్లు నమోదైంది. మీ వినయం ఆదర్శప్రాయం."

"వినయం కాదు!" అని అరిచింది సుంకమ్మ.

"మీ వినయం ఆదర్శప్రాయం" అంది మళ్ళీ.

నేను మౌలాలిని పక్కకు పిలిచాను. "మేమందరం కలిసి చెప్తే?"

"చెప్పండి పెద్దాయనా. కడియం తీసి పని చేసినామంటే అది మోసం కింద రాసుకుంటాది. ఆమె చేను పోతాది, మీవీ పోతాయి."

"అప్పుడు గీత దిగుతుంది గదా? తక్కిన ఊళ్ళన్నా మిగులుతాయి."

అతను చెప్పులతో మట్టి గీకుతూ నిలబడ్డాడు. "ఒకసారి గీసిన గీతను దించే ఏర్పాటు దానికి పెట్టలేదు. ఒకసారి ఒకరు తీసినారంటే, అందరూ తీయగలరని దాని నమ్మకం."

ఎగువ ఊళ్ళో అతని తమ్ముడిదీ చేను ఉంది. దాని అంకె ఎంతో అడిగాను.  బండెక్కి పోయాడు.

స్వాతి

మా పైపులు మూసేశారు. పెద్దగా చప్పుడు కూడా కాలేదు. ఎక్కడో లోపల నాలుక మడిచినట్టు ఒక శబ్దం, అంతే. తడి మట్టి ఆ వారంలోనే పగిలింది.

దిగువ ఊరి నుంచి ఒకామె నడిచి వచ్చింది. పేరు లచ్చుమక్క. సుంకమ్మ కంటే ముందు గీత మీద ఉన్న రైతు ఆమెనట. ఇప్పుడు ఆమెది యాభై ఏడు. చేను ఇంకా తీసుకోలేదు, రేపో మాపో.

నేరుగా సుంకమ్మ చేలోకి పోయి వంగి మన్ను తీసి నలిపింది, వాసన చూసింది. నేను గట్టు మీదున్నాను. ఆమె గొంతులో కోపం లేదు. అది ఉంటే జవాబివ్వడం తేలికయ్యేది.

"ఏమేసినావు తల్లీ? పేడా? చెరువు మన్నా? ఒక్కదానివే ఇంత ఎట్ల తీసినావు? నాకు చెప్పు, నేను పోయి మా ఊరోళ్ళకు చెప్పుకుంటా. మేం పదేండ్లు ఒకరి చేన్లోకి ఒకరం పోకుండా, పక్కోడు పడిపోయినా లేపకుండా తీసినాం ఆ పంట. నీదేం కిటుకు?"

 సుంకమ్మ నా వైపు చూసింది. ఏం చెప్పాలి? పక్కోడు పడిపోతే లేపాం, అదే కిటుకు అనా?

"ఏమీ ఎయ్యలేదక్కా" అంది చివరికి.

"చెప్పవన్నమాట."

"ఉంటే చెప్పనా."

లచ్చుమక్క ఆ మట్టిని కొంగుకు కట్టుకుని పోయింది. ఏం దొరుకుతుందో పాపం అందులో. మా చెమట ఉప్పు తగిలితే తగలాలి.

విశాఖ

గట్లు తీసేశారు. నా చేనూ, చౌడప్ప చేనూ, ఊరి చేలన్నీ ఇప్పుడు పెద్దమడే. నా గట్టు ఎక్కడుండేదో ఇవాళ వెతికితే కనబడలేదు. సుంకమ్మ గట్టు ఒకటే మిగిలింది కనుక, దాన్ని పట్టుకుని ఇవతల ఇన్ని అడుగులని ఊహించుకోవాలి. మా కడియాలను మౌలాలి సంచిలో వేసుకుపోయాడు. చౌడప్పది మేక నమిలిన గుర్తులతో పోయింది. చౌడప్ప, నాగులమ్మ ఈ నెలాఖరుకు పట్నం పక్కన కట్టిన గదులకు పోతారు. నాకూ ఒక గది రాశారట. ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి.

సుంకమ్మ గుంజ రెండో పంటకు లెక్క చదివింది. ఆమె అంకె ఈసారి ఆమె పాత పంటతోనే పోల్చి చూస్తారు. గీత మీద ఇంకెవరూ లేరు కదా. ఆమె పక్కన నిలబడేది ఆమే, ఊరంతా కలిసిన సుంకమ్మ పక్కన ఒంటరి సుంకమ్మ. ఎంత వస్తుందో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. పంట చేతికి రాకముందే ఆ చేను పోయినట్టే. "సకాలంలో విత్తనం వేయగలరు" అంది గుంజ.

ఇవాళ పొద్దున సుంకమ్మ కలుపు పార భుజాన వేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. చేలోకి పోతూ పలకరించడానికి వచ్చిందనుకున్నాను.

"ఏం సుంకమ్మా, విత్తడానికి పోలేదా?"

"నీకొక పొద్దు బాకీ ఉండాను గదా మామా."

"నాకు చేనే లేదు గదమ్మా."

"వాకిలి ఉండాది గదా."

వంగి కూర్చుంది. వాకిట్లో పల్లేరు, గరిక ఏపుగా పెరిగి ఉన్నాయి. చాలా రోజులుగా నేను పట్టించుకోలేదు. గోడ వార నుంచి మొదలుపెట్టి సాలు పట్టినట్టు వరసగా తీసింది. ఒక్క వేరు తెగనివ్వలేదు. ఆమె చేతి వైపు చూశాను. తెల్లగా వలయం ఉంది.

"కడియం యాడ?"

"గూట్లో పెట్టొచ్చినా."

మధ్యాహ్నానికి వాకిలి అయిపోయింది. గడ్డి కుప్ప వేసి, చెంబెడు నీళ్ళు తాగి, పార భుజాన వేసుకుని చౌడప్ప ఇంటికి పోయింది.